అప్పు బాధ తెలిసిన సిరీసే గాని, చివరికి గుద్దులతో సరిపెట్టేశారు

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మీ ఆదివారం పేజీలో ఓటీటీ సిరీస్‌ల గురించి వేసినప్పుడల్లా నటీనటుల పేర్లు, రెండు లైన్ల కథ, ఫైట్లు బాగున్నాయి అని ఒక మాట, అక్కడితో ఆపేస్తున్నారు. కొరియా పగ ప్రతీకారం సిరీస్‌లు ఒడిశా బోర్డర్‌లో ఉన్న మా పర్లాకిమిడి లాంటి ఊళ్ళో కూడా కాలేజీ పిల్లలే కాదు, బ్లౌజులు కుట్టుకునే మా లాంటి ఆడోళ్ళం కూడా రాత్రి పని అయ్యాక ఫోన్లో పెట్టుకుని చూస్తున్నాం, కాబట్టి వాటి గురించి కొంచెం లోతుగా రాస్తే చదివేవాళ్ళు ఉన్నారండి. మీరు రాసేదాకా ఆగకుండా నేనే ఒకదాని గురించి రాస్తున్నాను, బ్లడ్‌హౌండ్స్ అని, 2023 జూన్ 9న నెట్‌ఫ్లిక్స్‌లో ఎనిమిది ఎపిసోడ్లూ ఒకేసారి వదిలారు. కిమ్ జూ హ్వాన్ అనే ఆయన రాసి డైరెక్ట్ చేశాడు, ముందు ఇది వెబ్‌టూన్ గా, అంటే ఫోన్లో చదువుకునే బొమ్మల కథగా వచ్చింది. చూడనివాళ్ళకి ముందే చెప్తున్నాను, కథ మొత్తం బయటపెట్టే రాస్తున్నా, లేకపోతే మంచి చెడ్డ చెప్పడం కుదరదు.

కథ ఏటంటే, గన్ ఊ అని ఒక కుర్రాడు బాక్సర్, వాళ్ళ అమ్మ చిన్న కేఫ్ నడుపుకుంటుంది. కరోనా టైములో గిరాకీ పడిపోయి అద్దె కట్టలేని పరిస్థితిలో ఉంటే స్మైల్ క్యాపిటల్ అనే కంపెనీ నవ్వుతూ వచ్చి లోన్ ఇప్పిస్తామని కాగితాల మీద సంతకాలు తీసుకుంటుంది. ఆ కాగితాల్లో ఏముందో ఆవిడకి తర్వాత తెలుస్తుంది. రౌడీలు వచ్చి షాపు పగలగొడతారు, అడ్డం పడ్డ కుర్రాడికి వాళ్ళ బాసు మొహం మీద కత్తి గాటు పెడతాడు, ఆ మచ్చ సిరీస్ మొత్తం ఆ అబ్బాయి మొహం మీద ఉంటుంది. బాక్సింగ్ పోటీలో తన చేతిలో ఓడిపోయిన ఊ జిన్ అనే ఇంకో కుర్రాడు అప్పటికే దోస్తు అయి ఉంటాడు. ఇద్దరూ కలిసి చోయ్ అనే పెద్దాయన దగ్గర చేరతారు, ఒకప్పుడు వడ్డీల వ్యాపారంలో పేరు మోసిన మనిషి, ఇప్పుడు జబ్బు చేసినవాళ్ళకి, దిక్కులేనివాళ్ళకి వడ్డీ లేకుండా డబ్బు ఇస్తుంటాడు. అక్కడి నుంచి స్మైల్ క్యాపిటల్ బాసు కిమ్ మ్యోంగ్ గిల్ మీద పోరు.

నాకు మొదటి రెండు మూడు ఎపిసోడ్లు ఎందుకు అంత నచ్చాయో చెప్తాను. అప్పు అనేది మనిషిని ఎలా పట్టుకుంటుందో ఆ డైరెక్టర్‌కి తెలుసండి. చాలా సినిమాల్లో అప్పులోడు అంటే మీసాలు మెలేసి వచ్చి గుమ్మం ముందు అరుస్తాడు, నిజంగా అలా ఉండదు. వచ్చేవాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, అమ్మా అమ్మా అని పిలుస్తూ, మీ కష్టం నాకు తెలుసమ్మా అంటాడు. చిన్న అక్షరాలు మనం చదవం, చదివినా అర్థం కాదు, అడగడానికి మొహమాటం, అవతల అద్దె గడువు. ఆ కేఫ్ అమ్మ మొహంలో ఆ మొహమాటం చూపించారు చూడండి, అరవకుండా, ఏడవకుండా, నాకు మాత్రం గుండె పట్టేసింది. కొడుక్కి చెప్పకుండా దాచుకోవడం కూడా అంతే, అప్పు చేసిన తల్లి ముందు దాచేది పిల్లల దగ్గరే.

మా వైపు డైలీ ఫైనాన్స్ గురించి మీ పేపర్ చదివే చాలామందికి తెలుసు. 10,000 అని రాసుకుంటారు, 1,000 ముందే పట్టుకుని 9,000 చేతిలో పెడతారు, రోజుకి 100 చొప్పున 100 రోజులు కట్టాలి. తీసుకునేవాళ్ళు ఏమనుకుంటారు, పది వేలకి వెయ్యే కదా, నూటికి పదే కదా అనుకుంటారు. కానీ మొదటి రోజు నుంచే అసలు తగ్గుతూ పోతుంటుంది కదా, మన దగ్గర లేని డబ్బుకి కూడా వడ్డీ కట్టినట్టే, కూర్చుని లెక్క వేస్తే ఏడాదికి 75 శాతం పైనే పడుతుంది. నెలకి పది రూపాయల వడ్డీ అంటే అది ఏడాదికి 120. ఇప్పుడు ఈ సిరీస్ జరిగే కొరియాలో చట్టం ప్రకారం ఏడాదికి 20 శాతం దాటకూడదు, అంతకుముందు 24 ఉంటే 2021 జూలైలో 20కి దించారు. మన లెక్కలో చెప్పాలంటే నెలకి నూటికి రూపాయి అరవై ఏడు పైసలు. అంత తక్కువ వడ్డీ రాసిపెట్టిన దేశంలో కూడా, బ్యాంకు గుమ్మం ఎక్కలేనివాళ్ళు ఇలాంటి కంపెనీల చేతిలో పడతారు అని ఆ సిరీస్ చెప్తుంటే నాకు కొరియా అంటే దూరం అనిపించలేదు. అక్కడ ఇళ్ళ మీద ఉన్న అప్పులన్నీ కలిపితే దేశం ఒక ఏడాది సంపాదనకి దగ్గరగా ఉంటుంది, బయటికి కనబడే మెరుపు వేరు, లోపల వేరు.

కరోనాని కథలోంచి తీసేయకుండా ఉంచడం ఇంకో మంచి పని. ఇప్పుడు తీస్తున్న సినిమాల్లో చాలావరకు ఆ రెండేళ్ళు అసలు జరగనట్టే ఉంటాయి. ఇందులో మాస్కులు, ఖాళీ కుర్చీలు, మూసేసిన షాపులు అన్నీ కనబడతాయి, అక్కడ రాత్రి తొమ్మిదికో పదికో హోటళ్ళు కట్టేయమని రూల్ పెట్టిన రోజులు అవి. మాకు ఇక్కడ 2020లో బోర్డర్ మూసేస్తే ఆంధ్ర వైపు ఉన్న పాతపట్నం వెళ్ళడానికి కూడా లేకపోయింది, రోజూ అటూ ఇటూ తిరిగి బతికే ఊళ్ళు మావి, కూరగాయలు అటు నుంచి, పని ఇటు నుంచి. పక్క గంజాం జిల్లా వాళ్ళు సూరత్ మిల్లుల నుంచి వెనక్కి వచ్చేశారు, చేతిలో డబ్బు లేదు, ఇంటి దగ్గర పని లేదు. అప్పుడు చేసిన అప్పులు ఇంకా కడుతున్న ఇళ్ళు నాకు తెలుసు. మా వీధిలో టిఫిన్ బండి పెట్టుకున్న ఒక అక్క ఇంటికి కలెక్షన్ కుర్రాళ్ళు పొద్దున్నే ఇడ్లీ రేకులు దించకముందే వచ్చి నిలబడేవాళ్ళు, పక్కనోళ్ళు చూస్తారని ఆవిడ ముందు వాళ్ళకి కట్టి తర్వాత పిండి కొనుక్కునేది. అందుకే ఆ కేఫ్ సీన్లు చూసినప్పుడు ఇది ఎవరో కుర్చీలో కూర్చుని ఊహించి రాసింది కాదు అనిపించింది.

ఇక ఫైట్లు. ఫైట్లు బాగున్నాయి అని మీరు రాస్తారు, ఎందుకు బాగున్నాయో రాయరు. ఈ కుర్రాళ్ళిద్దరికీ ఉన్నది పిడికిలి ఒకటే, అవతలోళ్ళ దగ్గర కత్తులు, గొడ్డళ్ళు, రాడ్లు. ఇద్దరూ మెరైన్స్‌లో పని చేసి వచ్చినవాళ్ళు, బాక్సింగ్ నేర్చినవాళ్ళు, కాబట్టి వాళ్ళు కొట్టే దెబ్బకి ఒక పద్ధతి ఉంటుంది, తల వంచడం, కాళ్ళు కదపడం, పక్కటెముకల కింద కొట్టడం, మన సినిమాల్లో లాగా ఒక్కడు తన్నితే పది మంది గాల్లోకి లేవరు. దెబ్బ తిన్నోడికి నొప్పి ఉంటుంది, తర్వాత ఎపిసోడ్లో కూడా ఆ నొప్పి ఉంటుంది. గన్ ఊ గా చేసిన ఊ డో హ్వాన్, ఊ జిన్ గా చేసిన లీ సాంగ్ యీ ఇద్దరూ ఒళ్ళు నిజంగా తయారు చేసుకున్నారని చూస్తేనే తెలుస్తుంది. అన్నిటికంటే వాళ్ళిద్దరి మధ్య స్నేహం. ఒకడు మాట్లాడడు, ఒకడు మాట్లాడడం ఆపడు. గన్ ఊ మర్యాద ఎంత అంటే కొట్టడానికి వెళ్ళేముందు కూడా పెద్దవాళ్ళకి వంగి దండం పెడతాడు. ఇద్దరూ ఒక ప్లేటులో తింటూ డబ్బు లేని రోజుల గురించి మాట్లాడుకునే సీన్లు, ఆ ఫైట్లకంటే నాకు అవే ఎక్కువ గుర్తున్నాయి. అదే డైరెక్టర్ ముందు తీసిన సినిమాలో కూడా ఇద్దరు కుర్రాళ్ళ దోస్తీయే కథ అని మా తమ్ముడు చెప్పాడు, ఆయనకి అది చేతికి వచ్చిన విద్య.

2021లో వచ్చిన మై నేమ్ అనే కొరియా సిరీస్ కూడా చూశాను, హాన్ సో హీ చేసింది, అందులో తండ్రిని చంపినవాడి కోసం ఆ అమ్మాయి తన పేరు, బతుకు అన్నీ వదిలేసుకుంటుంది. పగ అంటే మనిషిని లోపల నుంచి తినేస్తుంది అని అది చూపిస్తుంది. బ్లడ్‌హౌండ్స్‌లో కుర్రాళ్ళు అలా మారిపోరు, కోపం ఉంటుంది గాని మంచితనం పోదు. చాలామంది దీన్ని లోపం అన్నారు, మరీ అమాయకంగా ఉన్నారని. నేను ఒప్పుకోను. మా ఊళ్ళో పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లలు రీల్స్‌లో కత్తులు పట్టుకున్న హీరోల్ని చూసి హెయిర్ కటింగ్ కూడా వాళ్ళ లాగే చేయించుకుంటున్న రోజుల్లో, బలం ఉండి కూడా తల వంచుకుని మాట్లాడే కుర్రాడు హీరో అయితే మంచిదే కదండి.

ఇప్పుడు లోపాలు, ఇక్కడే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది ఎందుకంటే బాగా మొదలైన కథ చెడిపోతే బాధ ఎక్కువ.

కథ సగం దాటాక అప్పులు తీసుకున్నవాళ్ళు కనబడరు. నిజంగా కనబడరు. మొదట్లో స్మైల్ క్యాపిటల్ చేతిలో మోసపోయినవాళ్ళు ఎంతమందో ఉన్నారని చెప్తారు, వాళ్ళ ఇళ్ళకి తీసుకెళ్తారు, రోడ్డు మీద ఉన్నవాళ్ళని చూపిస్తారు. తర్వాత పెద్ద కంపెనీ వారసుడు ఒకడు వస్తాడు, అతన్ని విలన్ బ్లాక్‌మెయిల్ చేయడం వస్తుంది, విలన్ పెద్ద పెద్ద ప్లాన్లు వస్తాయి, గ్యాంగులు వస్తాయి. కేఫ్ అమ్మ ఏమైంది? ఆవిడ అప్పు కాగితం ఏమైంది? చట్టంలో అది చెల్లుతుందా చెల్లదా? ఒక లాయర్ గాని, ఒక కోర్టు గాని, బాధితులంతా ఒక చోట కూర్చుని మాట్లాడుకోవడం గాని లేదు. పోలీసులు ఉన్నారు గాని కథ నడిపేది మాత్రం ఇద్దరు కుర్రాళ్ళ పిడికిళ్ళే. అప్పు అనేది ఒక చెడ్డ మనిషి వల్ల వచ్చిన రోగం అన్నట్టు, వాడిని కొట్టి పడేస్తే తీరిపోతుంది అన్నట్టు చివరికి తేల్చేశారు. కాదండి. ఒకడు జైలుకి వెళ్తే పక్క వీధిలో ఇంకొకడు ఆఫీసు తెరుస్తాడు, అదే కుర్రాళ్ళు, అదే పుస్తకం, పేరు మాత్రం కొత్తది.

చోయ్ గారి పాత్ర నాకు చాలా ఇష్టం, హో జూన్ హో అద్భుతంగా చేశాడు, ఆయన గొంతులోనే ఒక అలసట ఉంటుంది. కానీ ఆలోచిస్తే అక్కడ కూడా ఒక సమస్య ఉంది. చెడ్డ అప్పులోడికి మందు మంచి అప్పులోడు అన్నారు. దయగల పెద్దమనిషి ఒకడు ఇంటి దగ్గర డబ్బు పెట్టుకుని కూర్చుంటే పేదోళ్ళు వచ్చి తీసుకుంటారు. ఆయన చచ్చిపోతే? సిరీస్‌లో అదే జరిగింది, ఆయన్ని చంపేస్తారు, ఆయనతో పాటు ఆ సాయం కూడా పోతుంది, దాని గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడరు, అందరూ పగ తీర్చుకోవడంలో పడిపోతారు. మా వైపు ఆడోళ్ళు మిషన్ శక్తి అనే ఒడిశా ప్రభుత్వ పొదుపు గ్రూపుల్లో పొదుపు కట్టుకుని ఒకరికొకరు హామీ ఉండి నడుపుకుంటున్నారు, అందులో కూడా గొడవలు ఉంటాయి, కట్టనివాళ్ళు ఉంటారు, కానీ ఒక మనిషి చచ్చిపోతే అంతా కూలిపోదు. అలాంటి ఆలోచన ఒక్కటి ఆ ఎనిమిది గంటల్లో ఎక్కడా రాలేదు.

ఆడవాళ్ళ పాత్రల గురించి. హ్యోన్ జూ అని చోయ్ గారి పెంపుడు మనవరాలు, బండి నడుపుతూ, తిరుగుతూ, స్మైల్ క్యాపిటల్ కూపీ లాగే పిల్ల, మొదటి సగంలో కథని ముందుకు తోసేది తనే. ఆ పాత్ర చేసిన కిమ్ సే రోన్ 2022 మేలో తాగి కారు నడిపిన కేసులో ఇరుక్కుంది, షూటింగ్ అప్పటికి చాలావరకు అయిపోయింది, దాంతో చివరి ఎపిసోడ్లు మళ్ళీ రాసుకుని, తీసినవాటిలో కూడా తనని వీలైనంత కత్తిరించారు. ఆ అమ్మాయి 2025 ఫిబ్రవరిలో 24 ఏళ్ళకే చనిపోయింది, ఆ వార్త చదివిన రోజు నాకు ఈ సిరీస్ గుర్తొచ్చి చాలా బాధేసింది, అందుకని తన గురించి ఎక్కువ రాయను. కథ మాటే చెప్తాను. ఏడో ఎపిసోడ్‌కి వచ్చేసరికి తాతయ్య పోయిన పిల్ల, అందరికంటే ఎక్కువ పగ ఉండాల్సిన పిల్ల, కథలోంచి తప్పుకుంటుంది, ఆ చోటు ఖాళీగానే ఉండిపోతుంది. ఇది డైరెక్టర్ చేతిలో లేని కష్టం, ఒప్పుకుంటాను, ఆ కష్టంలో కూడా పూర్తి చేసినందుకు మెచ్చుకోవాలి. కానీ చూసేవాళ్ళకి ఆరో ఎపిసోడ్ దాకా ఒక సిరీస్, తర్వాత రెండు ఇంకో సిరీస్ లాగా ఉంటుంది. అతుకు వేసిన చోటు కుట్టు తేడా కుట్టేవాళ్ళకి కంటికి కొట్టినట్టు కనబడుతుంది, ఇక్కడా అంతే. కేఫ్ అమ్మ సంగతి మాత్రం ఏ యాక్సిడెంట్ వల్లా కాదు, ఆవిడని కథలో కావాలనే వెనక్కి నెట్టేశారు, మొదట్లో అప్పు కాగితం మీద సంతకం పెట్టిన చెయ్యి ఆవిడదే కదా, చివర్లో ఆ చేతికి చేయడానికి ఏదైనా పని ఇవ్వాల్సింది.

విలన్ గా పార్క్ సంగ్ ఊంగ్ బాగా భయపెట్టాడు, అందులో అనుమానం లేదు. కానీ హింస కొన్ని చోట్ల అవసరానికి మించి ఉంది. కత్తి పోట్లు, సుత్తి దెబ్బలు దగ్గరగా పెట్టి చూపిస్తారు, చిన్న పిల్లలు ఉన్న ఇంట్లో చూడకండి. మొదటి మూడు ఎపిసోడ్లలో ఒక్క గాటుకి ఎంత భయం వేసిందో, చివరికి వచ్చేసరికి పది మంది పడిపోయినా అంత భయం వేయదు, అలవాటు చేసేశారు. రెండో సీజన్ కూడా ప్రకటించారు, అందులో విలన్ రెయిన్ అనే నటుడు, కథ బాక్సింగ్ పందేల వైపు వెళ్తుందట. అంటే అప్పుల సంగతి ఇంక పక్కన పెట్టేసినట్టే. ఫైట్లు ఇంకా బాగుంటాయేమో, నేను చూస్తాను కూడా, కానీ ఆ కేఫ్ లాంటి షాపు ఇంకోటి అందులో ఉంటుందని నాకు నమ్మకం లేదు.

ఎడిటర్ గారూ, ఇంత ఎందుకు రాశానంటే, మాది రెండు రాష్ట్రాల మధ్య ఊరు. మీ ఆంధ్రప్రదేశ్‌లో 2010 అక్టోబర్‌లో మైక్రో ఫైనాన్స్ వాళ్ళ మీద, అంటే పేదోళ్ళకి చిన్న చిన్న అప్పులిచ్చే కంపెనీల మీద ఆర్డినెన్స్ తెచ్చారు, తర్వాత చట్టం చేశారు, అది బోర్డర్ దాటి ఇటు వర్తించదు. ఇక్కడ ఉన్న ఒడిశా మనీ లెండర్స్ చట్టం 1939 నాటిది, వడ్డీకి ఇచ్చేవాడు రిజిస్టర్ చేయించుకోవాలని మా వీధిలో ఎవరికీ తెలీదు. అప్పు ఇచ్చినోడు అటు, తీసుకున్నోడు ఇటు అయితే ఏ స్టేషన్‌కి వెళ్ళాలో కూడా తెలీదు, అటు వెళ్తే ఇటు పొమ్మంటారు. రిజర్వ్ బ్యాంక్ 2022లో పెట్టిన రూల్ ప్రకారం మైక్రో ఫైనాన్స్ వాళ్ళు పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత అప్పు వసూలు కోసం ఫోన్ చేయకూడదు, ఒక ఇంటి మీద ఉన్న అప్పుల వాయిదాలన్నీ కలిపి ఆ ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఈ రెండు ముక్కలు తెలుగులో ఎక్కడా రాసి లేవు మా దగ్గర. బ్యాంకు గోడ మీద బోర్డు ఒడియాలో ఉంటుంది, ఇంగ్లీషులో ఉంటుంది, మా అమ్మ వయసు వాళ్ళకి చదవడం వచ్చింది తెలుగు ఒక్కటే, వాళ్ళు చదివేది మీ పేపర్ ఒక్కటే.

కాబట్టి నా కోరిక ఇది. ఈసారి ఇలాంటి సిరీస్ గురించి రాసినప్పుడు ఒక పక్కన కథ మంచి చెడ్డలు వేయండి, రెండో పక్కన అప్పు తీసుకునేముందు కాగితంలో ఏం చూడాలి, చేతికి వచ్చిన డబ్బుకి అసలు వడ్డీ ఎంత పడుతుందో లెక్క ఎలా వేయాలి, ఖాళీ చెక్కు మీద సంతకం అడిగితే ఏం చెప్పాలి, వేధిస్తే గజపతి జిల్లాలో ఎవరి దగ్గరికి వెళ్ళాలి, శ్రీకాకుళం వైపు ఎవరి దగ్గరికి వెళ్ళాలి, ఇవి తెలిసినవాళ్ళని అడిగి పెద్ద అక్షరాల్లో వేయండి. ఫైట్ కోసం ఆ పేజీ తెరిచిన కుర్రాడు అది కూడా చదువుతాడు, చదివి వాళ్ళమ్మకి చెప్తాడు. మా బస్టాండ్ దగ్గర మీ పేపర్ పొద్దున ఆరున్నరకల్లా వస్తుంది, ఆ పేజీ వేసిన రోజు నా షాపు గోడకి అతికించే బాధ్యత నాది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా